మాట అదుపే మొదటి పాఠం

మదరసాల్లో, ఉర్దూ బడుల్లో మత సంయమనం నేర్పడానికి కొత్త సిలబస్ కోసం ఎదురుచూడనక్కర్లేదు. గాండ్లపెంట చుట్టుపక్కలే కావలసినంత పాఠం ఉంది. సోషల్ సారు పూనుకోవాలి.

కదిరి, గాండ్లపెంట, నల్లచెరువు, తలుపుల వైపు ఏ హైస్కూల్లోనైనా హాజరు పట్టీ ఒకసారి తిరగేసి చూడండి. ఖాదర్‌బాషా పక్కన నరసింహులు ఉంటాడు. అది మామూలే. కుళ్ళాయప్ప, ఫక్కీరప్ప, హుసేనమ్మ, మస్తానమ్మ, బాబయ్య లాంటి పేర్ల దగ్గర మాత్రం కాస్త ఆగాలి. రాయలసీమలో ఈ పేర్లు పెట్టుకున్న హిందువుల ఇళ్ళు లెక్కలేనన్ని. కుళ్ళాయప్ప పేరు వెనక నార్పల మండలం గూగూడులో వెలసిన కుళ్ళాయిస్వామి ఉన్నాడు. బాబయ్య పేరు వెనక పెనుకొండ బాబా ఫక్రుద్దీన్ దర్గా ఉంది. పిల్లలు పుట్టాలనో, పుట్టిన బిడ్డ దక్కాలనో పీరుకు మొక్కుకున్న అవ్వలు, ఆ మొక్కు తీరాక పెట్టుకున్న పేర్లివి.

ఈ పిల్లలే పదో తరగతి సోషల్ పుస్తకంలో ‘లౌకికవాదం అనగానేమి?’ అన్న ప్రశ్నకు నాలుగు మార్కుల జవాబు కంఠతా పట్టి పరీక్ష రాస్తారు. జవాబు బాగానే వస్తుంది, మార్కులూ వస్తాయి. తమ హాజరు పట్టీయే ఆ ప్రశ్నకు నిలువెత్తు జవాబని చెప్పేవాళ్ళే ఉండరు. మదరసాలో చదివే పిల్లవాడికైతే ఆ నాలుగు మార్కుల ప్రశ్న కూడా ఎదురుపడకపోవచ్చు.

మదరసాల్లో సాంఘిక శాస్త్రం చెప్పాలి, దాని ద్వారా మత సామరస్యం నేర్పాలి అన్న మాట దేశంలో చాలా ఏళ్ళుగా వినిపిస్తోంది. చెప్పేవాళ్ళలో మేలు కోరేవాళ్ళున్నారు, వేలెత్తి చూపేవాళ్ళూ ఉన్నారు. శ్రీ సత్యసాయి జిల్లాలో ఒక మూలనున్న గాండ్లపెంట లాంటి మండలం దగ్గర నిలబడి ఈ మాటను చూస్తే మాత్రం సంగతి వేరుగా కనిపిస్తుంది. ఇక్కడి పిల్లలకు కొత్తగా సహనం పోయాల్సిన పని లేదు. వాళ్ళ ఊళ్ళో ఇప్పటికే ఉన్నదాన్ని చూడటం, చూసినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పడం, తెలియని దాని మీద నోరు పారేసుకోకపోవడం నేర్పితే చాలు. సాంఘిక శాస్త్రం పని అదే.

ఏ బడి గురించి మాట్లాడుతున్నాం?

ఇస్లామీ చదువు అనగానే చాలామంది కళ్ళ ముందు ఒకే బొమ్మ కదులుతుంది. నిజానికి అవి మూడు రకాల బడులు.

మొదటిది మక్తబ్. ఫజర్ నమాజు అయ్యాక, లేదంటే సాయంత్రం అసర్ తర్వాత, మసీదు వరండాలో పిల్లలు ‘నూరానీ ఖాయిదా’ ముందేసుకుని అరబ్బీ అక్షరాలు దిద్దుకుంటారు. గంటో గంటన్నరో అక్కడ చదివి, ఇంటికెళ్ళి ఇంత తిని, తొమ్మిదింటికల్లా జిల్లా పరిషత్ హైస్కూలుకో ప్రైవేటు బడికో పోతారు. రెండోది అసలు మదరసా. ఖురాన్ కంఠస్థం చేసే హిఫ్జ్, ఆపైన మత పండితుణ్ణి చేసే ఆలిం కోర్సు. పిల్లలు అక్కడే ఉండి, అక్కడే తిని చదువుకుంటారు. ఇక మూడోది ఉర్దూ మీడియం ప్రభుత్వ బడులు, ముస్లిం యాజమాన్యాల హైస్కూళ్ళు. వీటిలో రాష్ట్ర సిలబసే ఉంటుంది, సోషల్ ఒక తప్పనిసరి సబ్జెక్టు.

ముస్లిం పిల్లలంటే మదరసా పిల్లలే అనుకునేవాళ్ళు, దేశంలో ముస్లింల స్థితిగతుల మీద వేసిన సచార్ కమిటీ నివేదిక ఒకసారి చూడాలి. బడి ఈడు ముస్లిం పిల్లల్లో పూర్తికాలం మదరసాలకు పోయేది సుమారు 3 శాతమేనని 2006లో ఆ నివేదిక తేల్చింది. అంటే నూటికి తొంభైకి పైగా పిల్లలు చదివితే మామూలు బళ్ళలోనే చదువుతున్నారు, లేదా అసలు బడికే పోవడం లేదు. కాబట్టి మత సంయమనం అనే పాఠాన్ని మదరసా గోడల మధ్యే వెతకడం సగం పని. మిగతా సగం మనందరి బళ్ళలో ఉంది. ఆ సగం గురించి తర్వాత చెబుతాను.

మదరసాల చదువు పుట్టుకతోనే లోకానికి తలుపులు మూసుకున్నదన్న అభిప్రాయమూ సరికాదు. పద్దెనిమిదో శతాబ్దంలో లక్నో ఫిరంగీ మహల్‌కు చెందిన ముల్లా నిజాముద్దీన్ పేరు మీద వచ్చిన ‘దర్సె నిజామీ’ పాఠ్యక్రమంలో తర్కం, తత్వం, గణితం పెద్ద భాగం. తమిళనాడులో ఆంబూరు దగ్గరి ఉమరాబాద్‌లో 1924లో మొదలైన జామియా దారుస్సలాం సంగతి చూడండి. దక్షిణాది మదరసాల్లో దానికి గొప్ప పేరుంది. ముస్లింలలోనే వేర్వేరు పంథాలైన హనఫీలూ అహ్లె హదీసు వాళ్ళూ ఒకే కప్పు కింద చదివే సంప్రదాయం దానిది. చేతులు ఎక్కడ కట్టుకుని నమాజు చేయాలన్న దాని మీదే మసీదులు విడిపోయిన దేశంలో ఇది చిన్న సంగతి కాదు. సంయమనం ముందు ఇంట్లో మొదలవుతుందనడానికి ఉమరాబాద్‌ను మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు.

ఇండోనేషియా ఏం చేసింది?

ఈ విషయాన్ని ప్రభుత్వ విధానంగా చేపట్టిన దేశం ఇండోనేషియా. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ మంది ముస్లింలున్న దేశమది. జనాభాలో సుమారు 87 శాతం వాళ్ళే. అక్కడ మన ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతులతో సమానమైన బడిని మద్రసా సనావియా అంటారు. 1975లో ముగ్గురు మంత్రులు కలిసి ఒక ఉత్తర్వు ఇచ్చారు. మదరసాల్లో 70 శాతం మామూలు సబ్జెక్టులు, 30 శాతం మత విషయాలు ఉండాలన్నది దాని సారాంశం. ఆ దెబ్బతో మదరసా సర్టిఫికెట్టుకు మామూలు బడి సర్టిఫికెట్టుతో సమాన విలువ వచ్చింది. అక్కడి సోషల్ సబ్జెక్టులో చరిత్ర, భూగోళం, ఆర్థికం, సమాజశాస్త్రం కలిపే చెబుతారు.

ఆ దేశ మత వ్యవహారాల శాఖ 2019ని ‘మత సంయమన సంవత్సరం’గా ప్రకటించింది. అప్పటి మంత్రి లుక్మాన్ హకీం సైఫుద్దీన్. సంయమనానికి నాలుగు గుర్తులు చెప్పారు: దేశం పట్ల నిబద్ధత, సహనం, హింసకు దూరంగా ఉండటం, స్థానిక సంస్కృతిని కలుపుకుపోవడం. 2002లో బాలి ద్వీపంలో బాంబు పేలుళ్ళకు రెండు వందల మందికి పైగా బలైపోయిన దేశం అది. అందుకే ఈ పాఠం అవసరం వాళ్ళకు గట్టిగా తెలుసు.

అయినా ఆ నమూనాను తెచ్చి యథాతథంగా ఇక్కడ అతికించమని నేను చెప్పను. ఎవరు మితవాది, ఎవరు అతివాది అన్నది సర్కారే తేల్చడం మొదలుపెడితే బలహీనులు నష్టపోతారు. అదే ఇండోనేషియాలో 2008లో మంత్రుల ఉమ్మడి ఉత్తర్వు ఒకటి అహ్మదీయులనే చిన్న వర్గం మత ప్రచారం మీద ఆంక్షలు పెట్టింది. సహనం ఎవరి పట్ల అన్న ప్రశ్న అక్కడ ఇంకా తెగలేదు. మనం నేర్చుకోవలసింది ఒక్కటే: ఇస్లామీ బడి ఇస్లామీ బడిగానే ఉంటూ మంచి సోషల్ క్లాసు నడుపుకోవచ్చు. యాభై ఏళ్ళుగా వాళ్ళు నడుపుతున్నారు.

పీర్ల చావిడి దగ్గర వచ్చే చిక్కు

ఆ నాలుగు గుర్తుల్లో చివరిది, స్థానిక సంస్కృతిని కలుపుకుపోవడం, మన సీమకు వచ్చేసరికి నేరుగా పీర్ల చావిడి ముందు నిలబడుతుంది. గూగూడులో మొహర్రం నాళ్ళలో కుళ్ళాయిస్వామిని చూడటానికి వేలకు వేల జనం వస్తారు. ఎక్కువమంది హిందువులే. పీర్లు లేస్తాయి, అగ్నిగుండం తొక్కుతారు, ఫాతెహాలు చదివిస్తారు. ప్రసిద్ధ తెలుగు కవి అఫ్సర్ ఈ గూగూడు మీదే ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు. పీర్ల పండుగ మీద ఆయన రాసిన ఇంగ్లీషు పుస్తకాన్ని ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ 2013లో వేసింది.

అఫ్సర్ ఆ పుస్తకంలో దాచకుండా చర్చించిన సంగతి ఒకటుంది. ఊరి ఇస్లాంకూ, ‘అసలైన ఇస్లాం’ పేరిట వచ్చే సంస్కరణకూ మధ్య పెనుగులాట అది. మదరసాలో చదువుకొచ్చిన చాలామంది హజ్రత్‌లకు, అంటే మత గురువులకు, పీర్లెత్తడం, నిప్పులు తొక్కడం మతవిరుద్ధం. అది వాళ్ళ నమ్మకం, వాళ్ళ హక్కు. ఆ హజ్రత్ దగ్గరికి పోయి “పీర్ల పండగ మన ఐక్యతకు చిహ్నం, పిల్లలకు చెప్పండి” అంటే ఆయన ఇబ్బంది పడతాడు, లేదా కోప్పడతాడు. తప్పు ఆయనది కాదు, అడిగిన పద్ధతిది.

అదే మాటను సోషల్ సారు వేరే విధంగా అడగవచ్చు. “మన మండలంలో ఎన్ని ఊళ్ళల్లో పీర్ల చావిళ్ళున్నాయి? వాటిని ఎవరు చూసుకుంటారు? గుండం తవ్వేది ఎవరు, కట్టెలు తెచ్చేది ఎవరు, తప్పెట కొట్టేది ఎవరు?” వీటికి జవాబు రాసుకురావడానికి పిల్లవాడు పీరును నమ్మనక్కర్లేదు. నమాజు మానక్కర్లేదు. హజ్రత్ ఫత్వా మార్చుకోనక్కర్లేదు. తన ఊళ్ళో ఏం జరుగుతోందో తెలుసుకుంటున్నాడు, అంతే. తాను ఒప్పుకోని దాన్ని కూడా ఉన్నదున్నట్టు రాయగలగడం చదువుకున్నవాడి మొదటి లక్షణం.

ఇది మదరసాకు పరాయి విద్య కూడా కాదు. వెయ్యేళ్ళ కిందట ముస్లిం పండితుడు అల్బెరూనీ సంస్కృతం నేర్చుకుని, పండితుల దగ్గర కూర్చుని, హిందువుల శాస్త్రాల మీద, పూజల మీద, పంచాంగం మీద పెద్ద గ్రంథం రాశాడు. సుమారు 1030 నాటిది ‘కితాబుల్ హింద్’. తాను వాదానికి దిగడం లేదని, వాళ్ళ మాటను వాళ్ళు చెప్పినట్టే పాఠకుడి ముందు పెడుతున్నానని ముందే చెప్పుకున్నాడు. అల్బెరూనీ తన విశ్వాసంలో ఇసుమంత కూడా సడలలేదు. మదరసా పిల్లవాడికి ‘నువ్వు అల్బెరూనీ వారసుడివి’ అని చెప్పి చూడండి. వాడి నడకే మారుతుంది.

హిందువుల వైపు నుంచీ ఇలాంటివాడు మనకున్నాడు, అదీ అనంతపురంలోనే. అక్కడి ప్రభుత్వ కళాశాలలో తెలుగు చెప్పిన చిలుకూరి నారాయణరావు ఇరవయ్యో శతాబ్దం తొలి భాగంలోనే ఖురాన్‌ను తెలుగు చేశారు. ఆయన పేరు ఇప్పుడు జిల్లా బళ్ళలో ఎంతమంది పిల్లలకు తెలుసు? మదరసా పిల్లలకూ తెలియాలి, శిశుమందిర్ పిల్లలకూ తెలియాలి.

ఎర్రగుడి బండ మీద ఒక పీరియడ్

సోషల్ క్లాసులో ఈ పాఠం ఎలా ఉంటుందో ఒకటి చూపిస్తాను.

గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి ఉంది. కర్నూలు జిల్లా. అక్కడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. 1929 ప్రాంతంలో అను ఘోష్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడి కంటబడ్డాయి. పద్నాలుగు పెద్ద శాసనాలూ ఒకేచోట దొరికే కొద్ది స్థలాల్లో అదొకటి. లిపి బ్రాహ్మి, భాష ప్రాకృతం. వాటితో పాటున్న చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. రెండు వైపుల నుంచీ చదవడం రోజూ అలవాటైన ఉర్దూ, తెలుగు పిల్లలకు ఈ సంగతి చెబితే చెవులు నిక్కబొడుచుకుంటారు.

అందులో పన్నెండో శాసనం మన పాఠం. ఏ మతం వాళ్ళనైనా గౌరవించాలి. దానాలకంటే, సత్కారాలకంటే మతాల సారం పెరగడమే ముఖ్యం. దానికి మూలం మాట అదుపు. సందర్భం లేకుండా సొంత మతాన్ని పొగుడుకోవడం, ఇతర మతాన్ని తెగడటం కూడదు. అలా చేసేవాడు తన మతానికే చెరుపు చేసుకుంటాడు. ఒకరి ధర్మం ఒకరు వినాలి. క్లుప్తంగా ఆ శాసనం చెప్పేదిది.

సోషల్ సారు ఈ నాలుగు మాటలూ బోర్డుకు ఎడమ పక్కన రాస్తాడు. తర్వాత హజ్రత్‌ను క్లాసులోకి పిలుస్తాడు. ఖురాన్‌లో ఆరో సూరా, అల్ అనాం, 108వ ఆయతు ఆయన చదివి వివరిస్తాడు. అల్లాహ్‌ను కాక ఇతరులు మొక్కే వాటిని దూషించవద్దని, దూషిస్తే వాళ్ళూ తెలియక పగతో అల్లాహ్‌ను దూషిస్తారని ఆ ఆయతు హెచ్చరిస్తుంది. అది బోర్డుకు కుడి పక్కన. ఇప్పుడు పిల్లలు రెండింటినీ పోల్చాలి. ఎవరు చెప్పారు, ఎప్పుడు, ఎవరికి? ఒకటి రాజశాసనం, ఒకటి దైవవాక్యంగా ముస్లింలు నమ్మేది. ఆధారం వేరు, అధికారం వేరు. మరి రెండూ నోటి దగ్గరే ఎందుకు ఆగాయి? గొడవ ఎప్పుడూ నోటితోనే మొదలవుతుందా? మీ వీధిలో చివరిసారి గొడవ ఎలా మొదలైంది?

పాఠం అక్కడితో ఆపకూడదు. అదే బండ మీద పదమూడో శాసనం కూడా ఉంది. కళింగ యుద్ధంలో చచ్చిన వాళ్ళను తలుచుకుని అశోకుడు బాధపడ్డది అందులోనే. అడవి జనాన్ని, తన బలం గుర్తుంచుకొమ్మని హెచ్చరించిందీ అందులోనే. సహనం చెప్పిన రాజే బెదిరించాడు కూడా. ఇది పిల్లలకు దాచిపెడితే సోషల్ కాస్తా ఉపన్యాసం అయిపోతుంది. మంచి మాట చెప్పినవాణ్ణి కూడా ప్రశ్నించవచ్చని పిల్లవాడికి తెలిసిన రోజు, ఎవడో మైకు పట్టుకుని అరిచే మాటను గుడ్డిగా నమ్మడు.

విజయనగర రాజు బుక్కరాయల కథ కూడా ఇలాగే చెప్పవచ్చు. 1368లో జైనులకూ వైష్ణవులకూ తగువొస్తే, రెండు వర్గాల చేతులూ కలిపించి, మీ మధ్య భేదం లేదని తీర్పు చెప్పి శ్రవణబెళగొళలో శాసనం వేయించాడు. 1565 తర్వాత ఆ విజయనగర రాజ్యానికి రాజధాని అయిన పెనుకొండలో ఈ రోజుకీ కోట, జైన పార్శ్వనాథ ఆలయం, షేర్‌ఖాన్ మసీదు, బాబయ్య దర్గా అన్నీ ఒక్క పూటలో నడిచి చూసి రావచ్చు.

“నీకెవరు చెప్పారు?”

ఇప్పటి గొడవలు రచ్చబండ దగ్గర పుట్టడం తక్కువ, ఫోన్లో పుట్టడం ఎక్కువ. ఎక్కడిదో పాత వీడియో, ఏ రాష్ట్రందో తెలియదు, ‘మన కదిరిలోనే’ అని రాసి తోసేస్తారు. హిందువుల గ్రూపుల్లో ఒకటి తిరుగుతుంది, ముస్లింల గ్రూపుల్లో ఇంకొకటి తిరుగుతుంది. రెండూ అబద్ధాలే అయి ఉండవచ్చు.

మదరసా పిల్లవాడి చేతిలో దీనికి తిరుగులేని ఆయుధం ఉంది. అది ఇస్నాద్. ప్రవక్త మాటగా చెప్పే ఒక హదీసును ఒప్పుకునే ముందు దాన్ని ఎవరు ఎవరి దగ్గర విన్నారు, ఆ విన్నవాడు నమ్మదగినవాడేనా, ఇద్దరూ అసలు ఒకే కాలంలో బతికారా, గొలుసులో ఎక్కడైనా కొక్కెం ఊడిందా అని వెతకడం ఆలిం కోర్సులో ఏళ్ళ తరబడి నేర్పుతారు. అబద్ధాలకోరు తెచ్చిన కబురును విచారించి గానీ నమ్మవద్దని ఖురాన్ 49వ సూరా చెబుతుంది. చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ 1377లో రాసిన ‘ముఖద్దిమా’ తెరవండి. చరిత్రలో అబద్ధాలు ఎందుకు దూరతాయో లెక్కగట్టి చెప్పాడు. అందులో మొట్టమొదటి కారణం పక్షపాతం. తన వర్గం మీద ప్రేమ కొద్దీ మనిషి పరిశీలించకుండానే నమ్మేస్తాడని దాని తాత్పర్యం.

ఈ పనిముట్లన్నీ హదీసు క్లాసులోనే ఉండిపోతున్నాయి. వాటిని సోషల్ క్లాసులోకి తెచ్చి వాట్సప్ ఫార్వర్డు మీద పెట్టాలి. ఒక మెసేజీ తీసుకుని దాని ఇస్నాద్ రాయమంటే పిల్లవాడు రెండో మెట్టు దగ్గరే ఆగిపోతాడు. “మా అన్న పంపినాడు సార్.” మీ అన్నకు ఎవరు పంపారు? తెలియదు. గొలుసు తెగింది. కాబట్టి ఆ కబురు జయీఫ్, బలహీనం. ఆ మాట వాడికి తన భాషలోనే ఉంది. ఇంతకంటే పటిష్ఠమైన మీడియా పాఠాన్ని ఏ ఎన్జీఓ తయారు చేసివ్వగలదు?

మదరసాకు బయటి నుంచి సంస్కారం తెచ్చిపోయాలన్న పెద్దమనుషులు ఈ సంగతి గమనించాలి. లోపల ఉన్నదాన్ని లోపలివాళ్ళ చేతనే బయటికి తీయించడం గౌరవం. అది నిలుస్తుంది కూడా.

కటారుపల్లె పక్కనే ఉండగా

గాండ్లపెంట మండలానికి ఇంకో భాగ్యం ఉంది. వేమన సమాధి ఈ మండలంలోని కటారుపల్లెలోనే ఉంది. సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాక, తెలుగువాళ్ళే మరిచిపోతున్న కవి లోకానికి తెలిశాడు. 1928లో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ అనంతపురంలో వరసగా ఉపన్యాసాలిచ్చి ఆయన్ని పండితుల గోష్ఠిలోకి తెచ్చారు. జనవరి 19న రాష్ట్ర ప్రభుత్వం వేమన జయంతి జరుపుతోంది.

వేమన్ను మదరసాలో చెప్పవచ్చా? చెప్పవచ్చు, చెప్పాలి. అయితే ఒక జాగ్రత్త కావాలి. వేమన ఎవరినీ వదలలేదు. శైవుణ్ణి, వైష్ణవుణ్ణి, బ్రాహ్మణ్ణి, గుడిని, తీర్థయాత్రను, ఉపవాసాన్ని, అందరినీ ఏకిపెట్టాడు. ఇలాంటి కవిని చెప్పేటప్పుడు ఎదుటివాళ్ళ మీద పడ్డ పద్యాలే ఏరుకుని చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం చాలా సులువు. విగ్రహారాధన మీది పద్యాలు ముస్లిం పిల్లలకు చెప్పి నవ్వించడం వేమనకు ద్రోహం. అవి ఎవరి ఇంటివాడు ఎవరికి చెప్పుకున్న మాటలో ముందు తెలియాలి. హిందూ బళ్ళలో కూడా అంతే. వేమన్ను చెప్పే సారు తన మతం వాళ్ళ మీద పడే దెబ్బతో మొదలుపెట్టాలి. అప్పుడే మిగతాది చెప్పే హక్కు వస్తుంది.

భాష సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సీమలో దూదేకుల ముస్లింల ఇళ్ళల్లో తెలుగే మాట్లాడతారు. పట్టణాల్లో చాలా ముస్లిం ఇళ్ళల్లో దక్కనీ ఉర్దూ నడుస్తుంది. మదరసాలో బోధన ఉర్దూలో. ఎనిమిదేళ్ళు చదివి బయటికొచ్చిన ఆలిం మండలాఫీసులో తెలుగు అర్జీ చదవలేకపోతే, కటారుపల్లె బోర్డు చదవలేకపోతే, పక్కింటివాడితో వాడి సంబంధం సగం తెగినట్టే. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉర్దూను రెండో అధికార భాషగా చేశారు, అది న్యాయమైన పని. దానికి జంటగా ప్రతి మదరసాలో తెలుగు చెప్పించడం అంతే న్యాయం.

వేలు చూపడం వేరు, చెయ్యి పట్టుకోవడం వేరు

మిగతా సగం మనందరి బళ్ళలో ఉందని ఇందాక ఆపిన మాటకు వస్తాను. “మదరసాల్లో సహనం నేర్పండి” అన్నప్పుడు ఆ వాక్యంలో ఒక నింద దాగి ఉంటుంది. ముస్లిం పిల్లవాడికి మాత్రమే ఆ పాఠం అవసరం, మిగతావాళ్ళు పుట్టుకతో సహనశీలురు అన్న నింద అది. ఆ నింద ఉన్నంత కాలం ఎంత మంచి పాఠం పెట్టినా వంటబట్టదు. చట్టమే చూడండి. 2009 విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ మదరసాలనూ, వేద పాఠశాలలనూ కలిపే దాని పరిధి నుంచి తప్పించింది. తప్పించేటప్పుడు రెండింటినీ ఒక్కటిగా చూసిన చట్టాన్ని, నేర్పేటప్పుడూ అలాగే చూడమని అడగవచ్చు. ఎర్రగుడి పాఠం వేద పాఠశాలకూ కావాలి, మిషన్ హైస్కూలుకూ కావాలి, పూర్తిగా హిందూ పిల్లలే ఉండే కార్పొరేట్ రెసిడెన్షియల్‌కు అన్నిటికంటే ముందు కావాలి. అక్కడి పిల్లలకు ముస్లిం స్నేహితుడు ఒక్కడైనా దొరకని పరిస్థితి.

రాజ్యాంగం ఇందుకు అడ్డం రాదు. 30వ అధికరణ మైనారిటీలకు తమ బడులు తాము నడుపుకునే హక్కిచ్చింది. పూర్తిగా సర్కారు డబ్బుతో నడిచే బడిలో మత బోధ కూడదని 28వ అధికరణ చెబుతుంది. మతాల గురించి చెప్పడం మత బోధ కాదని 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2024 నవంబర్ 5న ఉత్తరప్రదేశ్ మదరసా బోర్డు చట్టాన్ని సమర్థిస్తూ అదే కోర్టు రెండు సంగతులు కలిపి చెప్పింది: మదరసాలు ఉండవచ్చు, వాటిలో చదువు ప్రమాణాలు చూసే అధికారం రాష్ట్రానికి ఉంది. ఫాజిల్, కామిల్ డిగ్రీలు ఇచ్చే అధికారాన్ని మాత్రం కొట్టేసింది.

చూసే అధికారం ఉన్నచోట పెట్టే బాధ్యత కూడా ఉండాలి. మదరసాల్లో సైన్సు, లెక్కలు, సోషల్, ఇంగ్లీషు చెప్పే టీచర్లకు గౌరవ వేతనం ఇచ్చే కేంద్ర పథకం ఒకటి 2009 నుంచి నడిచింది. డిగ్రీ ఉన్నవాళ్ళకు నెలకు 6 వేలు, అంతకు పై అర్హత ఉంటే 12 వేలు. ఆ పథకం గడువు 2022 మార్చితో తీరిపోయింది. సోషల్ సారే లేని మదరసాను సహనం నేర్పమని అడగడం ఏం న్యాయం? ముస్లిం సముదాయం వైపు నుంచి కదలిక ఉంది. జమీయత్ ఉలమా-ఎ-హింద్ 2021లో మదరసా పిల్లలు జాతీయ ఓపెన్ స్కూలు ద్వారా పదో తరగతి రాసేలా ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. కర్నూలులో అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. హైదరాబాద్ మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం మదరసా పట్టాదారుల కోసం బ్రిడ్జి కోర్సులు నడుపుతోంది. పైమెట్లు సిద్ధంగా ఉన్నాయి. కింద తొమ్మిది, పది తరగతుల ఈడులోనే ఖాళీ ఉంది.

ఆ ఖాళీని నింపే పాఠాలు ఊళ్ళోనే ఉన్నాయి. కదిరి నరసింహస్వామి తేరు రోజు పిల్లలు చూసేది కూడా సోషల్ పాఠమే. ఫాల్గుణంలో ఆ తేరు కదిలేటప్పుడు జనం దవనం, మిరియాలు చల్లుతారు. ఆ బ్రహ్మోత్సవాలకు ముస్లింలు కూడా వస్తారు. ధర్మవరం పట్టుచీర ఎలా తయారవుతుందో గీసుకురమ్మంటే, పట్టుగూళ్ళ రైతు నుంచి, దారం తీసే ఇంటి నుంచి, రంగుల వాళ్ళ నుంచి మగ్గం దాకా ఒక్క కులం, ఒక్క మతం చేతుల మీదుగా ఏ చీరా బయటికి రాదని వాళ్ళే కనిపెడతారు. ఇవన్నీ చూసే పిల్లలకు వాటిని పాఠంగా మలిచి ఇచ్చే మనిషి కావాలి.

అందుకే మూడు విన్నపాలు. జిల్లా విద్యాధికారులారా, ఈ జిల్లా, పక్క జిల్లాల చరిత్రతో తెలుగులో, ఉర్దూలో ఎదురెదురు పేజీలుగా ఒక చిన్న పుస్తకం వేయించండి. ఎర్రగుడి, పెనుకొండ, గూగూడు, కటారుపల్లె, చిలుకూరి నారాయణరావు అందులో ఉండాలి. అన్ని బళ్ళకూ ఒకే పుస్తకం ఇవ్వాలి, మదరసాకు ఒకటి మిగతావాళ్ళకు ఒకటి కాదు. మదరసా కమిటీ పెద్దలారా, వారానికి నాలుగు పీరియడ్లు సోషల్‌కు, నాలుగు తెలుగుకు ఇవ్వండి, జీతం చాలకపోతే ఊరిని అడగండి; మసీదు గోడకు ఇచ్చిన ఊరు సారుకూ ఇస్తుంది. సోషల్ సార్లారా, మీ ఊరి హజ్రత్‌ను ఒక పీరియడ్‌కు పిలవండి, ఆయన పిలిస్తే మీరూ వెళ్ళండి. వచ్చే జూన్‌లో బళ్ళు తెరిచే నాటికి ఈ పని మొదలుకావాలి.